పక్కటెముకల మీద అరచెయ్యి

అరవై తొమ్మిదిలో నేను నగరంలో ఒక పెద్ద దవాఖానలో ఫిజియోథెరపీ శిక్షణలో ఉన్నాను. మొయినాబాదులో మా ఇంట్లో ఆ మాట ఎవరికీ నోరు తిరిగేది కాదు. మా అమ్మను మేమంతా అవ్వ అని పిలిచేవాళ్లం. చర్చి దగ్గర ఎవరైనా "ఏం సదువుతున్నవ్ బిడ్డా?" అని నన్ను అడిగితే అవ్వే అందుకుని, "కాళ్లు చేతులు ఒత్తుడు నేర్పుతరట" అని జవాబిచ్చేది. నాకు ఒళ్లు మండేది. కొన్నాళ్లు వివరించి చూశాను, తర్వాత విసుగొచ్చి ఊరుకున్నాను.

నిజానికి మాకు మొట్టమొదట నేర్పింది నిలబడడం. మా మేడం కోస్తా నుంచి వచ్చిన మనిషి. సన్నగా, పొట్టిగా ఉండేది, మాటలో తొందర ఉండేది కాదు. మొదటి రోజే మమ్మల్ని వరుసలో పెట్టి "నిటారుగా నిలబడండి" అంది. బడిలో డ్రిల్లు మాస్టారు నేర్పినట్టు ఛాతీ ముందుకు తోసి, పొట్ట లోపలికి లాగి, భుజాలు వెనక్కి విరిచి నిలబడ్డాం. మెచ్చుకుంటుందని చూస్తున్నాం. "ఇప్పుడు కదలకుండా అలాగే ఉండి, ఎవరికి వచ్చిన పాట వాళ్లు పాడండి" అంది. చర్చిలో కిటికీలు అదిరేలా పాడేదాన్ని నేను. రెండో చరణం దాటకుండానే గొంతు పీలగా మారింది.

అప్పుడామె నా వెనక్కి వచ్చి, నడుముకు కాస్త పైన, రెండు వైపులా పక్కటెముకల మీద అరచేతులు ఆనించింది. "నా చేతుల్ని బయటికి నెట్టు. భుజాలు ఎత్తకు, ఊపిరితో నెట్టు" అంది. ఎంత ప్రయత్నించినా భుజాలే లేస్తున్నాయి. ఆమె చేతులు తీయలేదు, విసుక్కోలేదు. కాసేపటికి బిగబట్టిన పొట్ట దానంతటదే వదులైంది. ఆమె చేతుల కింద పక్కటెముకలు తెరుచుకోవడం నాకే తెలిసింది. "బిగుసుకుపోయిన మనిషి నిటారుగా ఉన్నట్టే కనిపిస్తాడు. చూసి మోసపోకండి. ముందు ఊపిరి ఎక్కడిదాకా పోతోందో చూడండి" అని చెప్పింది.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమం పెరిగి కాలేజీలు మూతపడ్డాయి, మా తరగతులూ ఆగిపోయాయి. నేను ఇంటికి వచ్చేశాను. తమ్ముడు మాత్రం డిగ్రీ చదువు పేరుతో నగరంలోనే ఉండి, రోజూ ఊరేగింపుల్లో తిరిగేవాడు. వాడి కోపంలో న్యాయం ఉంది. మావైపు పిల్లలకు రావలసిన నౌకరీలు చేతిదాకా వచ్చి కోస్తావాళ్లకు పోవడం మేమూ చూశాం. చేవెళ్ల బడిలో పంతులుగా చేసే మా నాన్న బాపు అన్నం ముందు కూర్చుంటే అదే మాట ఎత్తేవాడు. నేనూ జై తెలంగాణ అన్నదాన్నే. కానీ ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు వాడు, "మీ మేడం గూడ మూట గట్టుకోవాలె అక్కా. ఆ కుర్సీల మనోళ్లు కూసోవాలె" అన్నాడు.

"ఆమెకు వచ్చిన పని వచ్చినోళ్లను ఒక్కర్ని సూపెట్టు, కుర్సీ నేనే తుడిసి ఇస్త" అన్నాను.

ఎండలు ముదిరే రోజుల్లో నేను జన్వాడలో మా మేనత్త ఇంటికి వెళ్లాను. అప్పుడే తమ్ముణ్ణి స్నేహితులు కూరగాయల లారీలో తెచ్చి ఇంటి ముందు దించారట. ఊరేగింపు చెదిరిన తొక్కిసలాటలో రాతి గట్టు మీద పడి వాడికి ఎడమవైపు పక్కటెముకలు విరిగాయి. దవాఖానకు పోతే పేరు రాసుకుంటారు, పేరు రాసుకుంటే పోలీసులు వస్తారని బాపు భయపడ్డాడు. చేవెళ్ల నుంచి కట్లు కట్టే ఆయనను సైకిల్ మీద ఎక్కించుకుని వచ్చాడు. చేతికో కాలికో ఆయన కట్టు కడితే వంకర ఉండదని మావైపు పేరు. గుడ్డు తెల్లసొనలో మినప్పిండి కలిపి పూసి, వెదురు బద్దలు పేర్చి, ఛాతీ చుట్టూ గుడ్డపట్టీ బిగించి, కదలనియ్యొద్దని చెప్పి ఆయన వెళ్లిపోయాడు.

ఆయన అంతటితో వదిలాడు గానీ మావాళ్లు వదలలేదు. మావైపు పలకరింపు అంటే దూరం నుంచి చూసి పోవడం కాదు, చెయ్యి వేయాలి. వచ్చిన ప్రతి పెద్దమనిషీ కట్టు తడిమి, "జర వదులైనట్టున్నది" అని ముడి విప్పి ఇంకాస్త బిగించి పోయాడు. చిల్కూరు మామయితే మోకాలు ఆనించి మరీ లాగాడట. పాస్టరుగారు ప్రార్థన ముగించి, ఆమెన్ అని, ఆయనా ఒకసారి ముడి సర్దారట. అంతా ప్రేమే.

విషయం తెలిసి నేను ఇంటికి వచ్చేసరికి వాడు మంచం మీద గుంజలా కూర్చుని ఉన్నాడు. "సూడు బిడ్డా, ఎంత మంచిగ కూసున్నడో" అంది అవ్వ. నన్ను చూసి వాడు పిడికిలి ఎత్తి "జై" అన్నాడు. అక్కడ ఆగి గాలి పీల్చుకుని, తర్వాత "తెలంగాణ" అన్నాడు. అందరూ నొప్పి అనుకున్నారు. రెండు మాటల నినాదం ఒక్క ఊపిరిలో రాకపోవడం నాకు భయం పుట్టించింది. దుప్పటి తీసి చూశాను. పక్కటెముకలు కదలడం లేదు. ప్రతి ఊపిరికీ భుజాలు లేస్తున్నాయి, మెడ దగ్గర కండరాలు తాళ్లలా తేలుతున్నాయి. ఒళ్లు కాలుతోంది. గొంతులో గురగుర ఉంది. దగ్గు వస్తే నొప్పికి మింగేస్తున్నాడు.

ఇలాగే బిగించి కట్టి తెచ్చిన ఒకాయనను మేడం మాకు వార్డులో చూపించింది. ఊపిరి అడుగుదాకా పోక, కఫం లోపలే నిలిచి, ఆయనకు న్యుమోనియా వచ్చింది. ఆయన మళ్లీ ఇంటికి పోలేదు. మంచం పక్కన నిలబడి నేను ఆయననే తలుచుకున్నాను.

"బాపూ, కట్టు ఇప్పాలె" అన్నాను.

"పిచ్చి లేసిందా నీకు? బొక్క జరుగుతది" అంది అవ్వ. ఎముక పక్కకు జరుగుతుందని ఆమె భయం.

"చేతిబొక్కకైతే గిట్లనే కట్టాలె అవ్వా. ఇవి ఊపిరి దీసినప్పుడల్ల కదిలే బొక్కలు. వీటిని కదలనియ్యకుంటే లోపలికి గాలి ఎట్ల పోతది?"

"ఆయన నువ్వు పుట్టకముందుకెల్లి కడుతున్నడు. నువ్వు మొన్న వోయినవ్ సదువుకు."

బాపు వాడి ఎదురుగా కూర్చుని, "బిడ్డా, ఒక కీర్తన పల్లవి అందుకో" అన్నాడు. చిన్నప్పటి నుంచీ చర్చిలో ముందు గొంతెత్తేది వాడే. ఇప్పుడు ఒక్కో మాటకూ ఆగుతూ, పల్లవి సగంలోనే వదిలేశాడు. బాపు మొహంలో నెత్తురు లేదు. "ఇప్పు" అన్నాడు నాతో.

కత్తెరతో పట్టీ కోసి, బద్దలు తీసేశాను. తీయగానే వాడు ఎడమవైపుకు ఒరిగిపోయాడు. "అయ్యో, వంకరైండు!" అని అవ్వ ఏడ్చింది. మడిచిన దుప్పటిని దెబ్బ తగిలిన చోటుకు హత్తుకోమని వాడికి ఇచ్చాను. కాస్త ముందుకు వంచి కూర్చోబెట్టి, వెనక కూర్చుని రెండు అరచేతులూ ఆనించాను. "నా చేతులను నెట్టు. భుజాలు లేపకు." వాడు నన్ను తిట్టాడు. "తిట్టు గానీ దగ్గు" అన్నాను. దుప్పటి అదిమిపట్టి దగ్గాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, పచ్చటి కఫం పడింది. బాపు పోలీసుల భయం పక్కనబెట్టి, ఎండలో సైకిల్ తొక్కుకుంటూ పోయి డాక్టరును తెచ్చాడు. సూదులు మొదలయ్యాయి. పూటపూటకూ నా చేతులు, వాడి తిట్లు. అవ్వ నాతో మాట్లాడలేదు గానీ గుమ్మంలో కూర్చుని, వచ్చినవాళ్లను "దూరంకెల్లి సూడుండ్రి, చెయ్యి పెట్టకుండ్రి" అని ఆపేది. చిల్కూరు మామకు కోపం వచ్చి టీ తాగకుండా వెళ్లాడు.

జ్వరం దిగిన తర్వాత ఒక పొద్దున, ఎడమ అరచెయ్యి కింద ఏదో మెల్లగా విచ్చుకున్నట్టయింది. విరిగిన వైపు పక్కటెముకలు నన్ను నెడుతున్నాయి. ఎవరూ చెప్పకుండానే వాడి వెన్ను లేచింది, తల నిలబడింది. నాకు ఏడుపు ఆగలేదు. వెనక కూర్చున్నాను కాబట్టి వాడికి కనపడలేదు.

"అక్కా, గిది నీకు ఎవలు నేర్పిన్రు?" అన్నాడు.

"మా మేడం."

"కాలేజీలు తెరిసినంక నన్ను తోల్కపో. నేనే వచ్చి చెప్త ఆమెకు."

ఇంట్లో ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పాను. "ఆమె మూట గట్టుకున్నది రా. పోయిన నెలనే. ఇల్లు కిరాయికిచ్చినోళ్లు ఖాళీ చెయ్యమన్నరంట."

నా చేతుల కింద వాడి పక్కటెముకలు ఆగిపోయాయి. వాడి మీద నాకు కోపం తగ్గలేదు, జాలీ తగ్గలేదు. కానీ ఊపిరి బిగబట్టుకుని కూర్చునే స్థితిలో వాడు లేడు.

"ఆపకు" అన్నాను. "నెట్టు."

వాడు నెట్టాడు.