అడక్కుండా ఇచ్చిన స్వేచ్ఛ

సుధామయి పుట్టిందీ పెరిగిందీ తార్నాకలోనే. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికొచ్చిన తాతగారు అక్కడే ఇల్లు కట్టుకున్నారు. యూనివర్సిటీలో తెలుగు ఎం.ఫిల్.కి ఆమె రెండు పాత కథలు తీసుకుంది. ఒకదానిలో దొర, ముసలివాడైపోయిన జీతగాణ్ణి పిలిచి "ఇక నీకు విడుదల, పో" అంటాడు. రెండోదానిలో భర్త, జబ్బుపడ్డ భార్యను పుట్టింటి గుమ్మంలో దింపి "నీ ఇష్టమొచ్చినట్టు బతుకు" అంటాడు.

"రెండూ స్వేచ్ఛ కథలేనంటారు. ఇది స్వేచ్ఛా, గెంటెయ్యడమా?" అంది ఓరోజు లైబ్రరీ మెట్ల మీద.

"గదే రాయి. ఎవడో ఇస్తే అది స్వేచ్ఛెట్లయితది?" అన్నాడు నాగేష్. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఆమెతోనే చదువుతున్నాడు. ఇద్దరూ పెళ్లి చేసుకోవాలనుకున్నారు.

ఆ చలికాలం తెలంగాణ ఉద్యమం క్యాంపస్‌ను ఊపేసింది. నాగేష్ ఊరేగింపుల్లో ముందుండేవాడు. సుధామయీ వెళ్లేది. "రేపు రాష్ట్రం విడిపోతే మనం ఎక్కడికి పోవాలమ్మా?" అనేవారు తండ్రి సోమయాజులు.

"ఎక్కడికీ పోం నాన్నా. నేను ఇక్కడిదాన్నే."

ఓ మధ్యాహ్నం తార్నాక చౌరస్తాలో తోపులాట జరిగింది. ఎవరు విసిరారో తెలియని రాయి నాగేష్ ముఖానికి తగిలింది. కుడికన్ను పోయింది. ఎడమకన్నూ నిలవడం కష్టమన్నారు డాక్టర్లు. సుధామయి ఆసుపత్రి వదల్లేదు. మూడోనాడు సోమయాజులు ఫ్లాస్కుతో కాఫీ పట్టుకొచ్చి, "అబ్బాయి ఏమైనా తిన్నాడా?" అని అడిగారు. అప్పుడు ఏడ్చింది ఆమె, మొదటిసారి.

కట్టు విప్పిన రోజు నాగేష్ అన్నాడు: "నా కోసం ఆగకు సుధా. నిన్ను విడిచిపెడుతున్న. నీ బతుకు నువ్వు బతుకు."

"విడిచిపెట్టడానికి నువ్వెవరు? నన్నడిగావా?"

అతను గోడవైపు తిరిగిపోయాడు. మర్నాడు ఆమె వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. నాగేష్ బావ వచ్చి ఊరికి తీసుకుపోయాడన్నారు. ఫోను కలవలేదు.

వెతుక్కుంటూ వాళ్ల ఊరెళ్లింది. నాగేష్ తల్లి ఈరమ్మ ఎదురొచ్చి, "లేడు బిడ్డా" అంటూనే అరుగు మీద కూచోబెట్టి అన్నం పెట్టింది. సగం తిన్నదో లేదో, మూసిన తలుపు వెనక దగ్గు వినిపించింది. నాగేష్ దగ్గే. ఈరమ్మ తల వంచుకుంది.

సుధామయి చెయ్యి కడుక్కుని తలుపు దగ్గర నిలబడింది.

"నేను జాలిపడి రాలేదు నాగేష్. కావాలని వచ్చాను. ఒక్కసారి తలుపు తియ్యి."

తలుపు తెరుచుకోలేదు. ఆఖరి బస్సు వేళదాకా కూర్చుంది. ఈరమ్మ బస్సుదాకా వచ్చి చెయ్యి పట్టుకుని, "నాకు తలుపు తీద్దామనే ఉండె బిడ్డా. తియ్యొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు" అని ఏడ్చింది.

సుధామయి ఎం.ఫిల్. పూర్తి చేసింది. కాలేజీలో పాఠాలు చెబుతోంది. పెళ్లి మాట ఎత్తనివ్వలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు తార్నాకంతా డప్పులు, రంగులు. కుర్రాళ్లు ఆమెకూ గులాల్ పూశారు. నవ్వుతూ పూయించుకుంది. ఆ తర్వాత గేటు పట్టుకుని కళ్లు తుడుచుకుంటూ ఉండిపోయింది. కంట్లో రంగు పడిందేమోనని పక్కింటి భారతమ్మ చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది.