మా షెడ్డులో నాలుగో ఫట్‌ఫటి

పాలపళ్ళు ఊడుతున్న వయసు మాది... మా మెదక్‌లో అప్పటికి ఫట్‌ఫటీలు మూడే. మోటారు సైకిలును అందరం అట్లాగే పిలిచేవాళ్ళం. ఆ మూడూ మా షెడ్డులోనే ఉండేవి!

షెడ్డంటే ఏమీ లేదు... ఇంటి గోడకు రెండు గూనపెంకులు ఆనిస్తే అదే షెడ్డు. పగిలిన కుండ పెంకులే బండ్లు. చర్చి పాదిరి దొర బండికి బూడిద రాసేవాళ్ళం. బస్సుల సేటు కొడుకు బండికి ఎర్ర జాజు. పోలీసు అమీను సాబు బండికి బొగ్గు... దానికి పక్కన మనిషి కూర్చునే తొట్టి ఉండేది కాబట్టి ఇంకో చిన్న పెంకు ఆనించేవాళ్ళం. పెద్దయ్యాక ఇవన్నీ నిజం బండ్లై మా వాకిట్లో నిలబడాలని నాకూ తమ్ముడు మల్లేశానికీ ఒకటే ఆశ.

రామాయంపేట నుంచి ఊళ్ళోకి వచ్చే దారి పక్కనే మా ఇల్లు. కళ్ళు మూసుకుని కూర్చుని, దూరాన చప్పుడు వినగానే ఎవరి బండో చెప్పాలి. గెలిచినవాళ్ళు తమకు నచ్చిన బండిని షెడ్డులో ముందు పెట్టుకోవచ్చు. పాదిరి దొరది దగ్గుతూ వచ్చేది. సేటు కొడుకుది కీచుమనేది. అమీను సాబుది మాత్రం రోట్లో రోకలి పడ్డట్టు దుబ్బు దుబ్బుమనేది... నాకదే ఇష్టం. ఎప్పుడు గెలిచినా దాన్నే ముందు పెట్టేదాన్ని.

అవ్వకు ఒళ్ళు మండేది. అమ్మను మేం అవ్వ అనేవాళ్ళం.

"నీకు గా బండే దొరికిందానే? వాడు మీ మామను పట్టుకపోతానికి తిరుగుతుండు!"

కిష్టయ్య మామ అవ్వకు తమ్ముడు. దొరల భూములు పంచాలని తిరగబడ్డ సంఘపోళ్ళతో జనగామ వైపు తిరిగాడు. జ్వరం ముదిరి మా ఇంటికి వచ్చి అటక మీద దాక్కున్నాడు. నిజాం పోలీసులు అట్లాంటివాళ్ళ కోసం ఇల్లిల్లూ వెతుకుతున్న రోజులు...

అటక మీద నుంచి మామ నవ్వేవాడు. "పిల్లను తిడుతవేందక్కా... బండేం జేసింది? రేపు అమీను పోతడు, బండి మనకే ఉంటది."

"నువ్వు సప్పుడు జెయ్యకుండ పండు!" అనేది అవ్వ.

నాయిన కిరాయికి ఎడ్లబండి తోలేవాడు, పగలు ఇంట్లో ఉండేవాడు కాదు. అందుకని కాపలా మాకే పడింది. అమీను సాబు బండి అయితే మామ వెనక తలుపు గుండా జొన్నచేలోకి ఉరకాలి. ఇంకెవరిదైనా అయితే అటక దిగకూడదు... పట్టపగలు చేలో కొత్త మనిషి కనబడితే ఊరంతా తెలిసిపోతుంది.

ఆ వానాకాలం ఒక పొద్దున చప్పుడు వినబడింది.

"ఎవరిదే నర్సీ? జల్ది చెప్పు!" అంది అవ్వ.

కళ్ళు మూసుకున్నాను. దగ్గు కాదు... కీచు కాదు... రోకలి కూడా కాదు.

"ఇది మన షెడ్డుల లేదవ్వా."

"లేదంటే ఏందే! వాణ్ణి ఉరకమంటవా, ఉండమంటవా?"

"నేనెన్నడూ వినలే... కొత్తది."

సగం దిగిన మామ నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయాడు. "కొత్తదైతే చూద్దాం తియ్యక్కా" అన్నాడు.

ఆకుపచ్చ బండి... ఒళ్ళంతా బురద పడ్డ సిపాయి. మా వాకిట్లో ఆగి "పానీ" అన్నాడు. వెనక దూరంగా లారీల మోత. ఇండియా యూనియన్ మిలట్రీ వస్తున్నదని, నిజాం రాజ్యం పోతుందని ఊళ్ళో గుసగుసలుగా చెప్పుకునేవాళ్ళు... అది మా ఇంటి ముందుకే వచ్చి నీళ్ళడిగింది. అవ్వ వద్దంటున్నా మామే చెంబు పట్టుకుని బయటికి నడిచాడు. వెలుతురు పడి కళ్ళు తెరవలేకపోయాడు, పాపం... అయినా నవ్వుతూనే ఉన్నాడు.

ఆ సాయంత్రమే ఒక పెంకుకు చిక్కుడాకు పసరు రుద్దాం. షెడ్డులో ముందు చోటు దానిదే. అవ్వ కూడా వచ్చి దానికి ఇంత పసుపు పెట్టింది.

ఆ తర్వాత అమీను సాబు బండి మళ్ళీ వినబడలేదు. మామ వాకిట్లోనే మంచం వేసుకున్నాడు. జ్వరం తగ్గింది. జొన్నచేను కంకులేసే వేళకు ఒకనాడు రొట్టె తింటుండగా మళ్ళీ ఆ చప్పుడు... నాకంటే ముందు మల్లేశమే ఎగిరాడు. "పచ్చ బండి! మన బండి!"

"మనోళ్ళే" అన్నాడు మామ. లేచి తనే చెంబు ముంచుకున్నాడు.

వాళ్ళు నీళ్ళు తాగలేదు. వెనకే ఒక జీపు వచ్చింది. మామ చేతిలోని చెంబు కింద పెట్టించి, ఎక్కించుకుపోయారు. నిజాం పోయినా దొరల భూములు పంచడం ఆపని సంఘపోళ్ళ కోసం ఇప్పుడు మిలట్రీ కూడా తిరుగుతున్నదన్న మాట మా ఇంటి దాకా అప్పటికి రాలేదు...

మల్లేశం పచ్చ పెంకు మీదికి రాయి ఎత్తాడు. అవ్వ వాడి చేయి పట్టుకుంది. ఆ ఆట మళ్ళీ ఆడాలని మాకు అనిపించలేదు.

అవ్వ జైలుకు పోయి చూసినప్పుడు మామ తన గురించి ఏమీ చెప్పలేదట. "నర్సిని బడికి తోలక్కా... దాని చెవి మంచిగున్నది, సదువు గూడ వస్తది" అన్నాడట. అట్లా మా ఇంట్లో మొదట పలక పట్టింది నేను. మామ విడుదలై వచ్చేసరికి నేను తెలుగు వాచకం గడగడా చదివేదాన్ని.

ఇదంతా జరిగి పదిహేనేళ్ళు దాటింది. ఇప్పుడు నేను పాఠం చెప్పే బడి ముందు నుంచి రోజూ ఎన్ని ఫట్‌ఫటీలు పోతాయో... పిల్లలు తల కూడా ఎత్తరు. మంచిదే కదా అనుకుంటాను. మామ మాత్రం మా ఇంటికి వచ్చినప్పుడు, దారి మీద బండి చప్పుడైతే ముద్ద చేతిలోనే పట్టుకుని ఆగిపోతాడు. ఎవరిదని నన్ను అడగడు... అది దాటిపోయాక తింటాడు.

మీ ఊళ్ళో మొదటి ఫట్‌ఫటి ఎవరిది? ఆ చప్పుడుకు మీ ఇంట్లో ఎవరు బయటికి ఉరికేవాళ్ళు... ఎవరు లోపలికి?