డ్రోన్‌లో మందు

ఒకే ఒక్క మాటతో రెండు రాష్ట్రాల పోలీసుల్ని వరిమడిలోకి దించిన ఘనుణ్ణి నేను. అప్పుడే నవ్వకండి, అసలు కథ ఇంకా ఉంది.

అప్పట్లో నాకు తమిళనాడు సరిహద్దున ఉన్న తడలో సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉండేది. ఆకాశమార్గాన మత్తుమందు దిగుతోందని, దాన్ని పట్టుకోవడానికి మన ప్రభుత్వం, తమిళనాడు ప్రభుత్వం ఎప్పటికప్పుడు సమాచారం పంచుకుంటాయని ఎస్సైగారు మీటింగు పెట్టి చెప్పారు. రెండు వైపుల పోలీసులతో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి, రెండు భాషలూ వచ్చు కదా అని నన్నూ అందులో చేర్చారు. ఇక నా కంటికి ప్రతిదీ అనుమానమే. పులికాట్ సరస్సు మీద ఫ్లెమింగో కొంగలు ఎగిరితే, వాటి కాళ్లకు ఏమైనా కట్టారేమోనని ఫోటో తీసి పెట్టేవాణ్ణి. పెళ్లిలో బెలూన్లు వదిలారని పెళ్లికొడుకు పుట్టుపూర్వోత్తరాలు ఆరా తీశాను.

ఒక సాయంత్రం టీకొట్టు దగ్గర ఎవరో ఒకతను గొంతు తగ్గించి ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"రేపు తెల్లారగానే డ్రోన్లో మందు తెస్తామన్నా. గాలి లేచేలోగా పని అయిపోతాది."

టీ అక్కడే వదిలేసి గ్రూపులో పెట్టేశాను: రేపు పొద్దున, తడ దగ్గర, డ్రోన్‌లో మందు. ఎస్సైగారు దాన్ని పక్క రాష్ట్రానికి పంపారు. వాళ్లు పైకి పంపారు. పంచుకున్నకొద్దీ సమాచారం పెరిగింది. తిరిగి నా ఫోనుకు వచ్చేసరికి డ్రోను కాస్తా చిన్న విమానమైంది. ఇది ఇంకెవరో చెప్పి ఉంటారు, ముఠా పెద్దదే అని నేనే నమ్మేశాను.

తెల్లారేసరికి నన్నూ ఎక్కించుకుని, టీకొట్టు దగ్గర ఫోన్లో మాట్లాడినతని వెనకాలే రెండు రాష్ట్రాల జీపులూ పొలాల్లోకి వెళ్లాయి. డ్రోను వరి మీదికి లేవగానే దింపించారు. తమిళనాడు ఇన్‌స్పెక్టరు దాని డబ్బా మూత తీసి వాసన చూసి, తుమ్ములు మొదలుపెట్టారు. ఇదేం మందని తుమ్ముల మధ్యే నన్నడిగారు. నేను నోరు తెరిచేలోగా గట్టు మీద నుంచి మా మేనమామ వచ్చాడు. నేను పొలం మొహం చూసి ఏళ్లయింది కాబట్టి, ఆ మడి ఆయనదని అప్పుడే తెలిసింది.

"దోమ పట్టి పైరు ఎండిపోతా ఉంటే పురుగుమందు కొట్టిస్తా ఉండానురా," అన్నాడు మామ. "ఈరోజు పడకపోతే గింజ చేతికి రాదు. నువ్వేం మందనుకున్నావు?"

పరీక్ష చేయాలని డ్రోనును స్టేషనుకు తీసుకెళ్లారు. మామ ఇంటి నుంచి పాత స్ప్రేయరు తెచ్చి నా వీపుకు తగిలించాడు. మోకాలి లోతు బురదలో పొద్దు వాలేదాకా మందు కొట్టాను. నా తెలివి వల్ల ఆయన పంట పోతుందేమోనని నిజంగానే ఏడుపొచ్చింది.

పైరు దక్కింది, నా పరువే దక్కలేదు. ఎస్సైగారు మొహమాటపడి మామను కూడా గ్రూపులో చేర్చారట. ఆఖరి మడిలో ఉండగా ఫోను మోగింది. గ్రూపులో మామ వాయిస్ మెసేజి.

"మా మళ్లో ఒకడు పొద్దున్నుంచీ మందు కొడతానే ఉండాడు. ఇప్పుడు తూలతా ఉండాడు. రెండు గవర్నమెంట్లూ ఒకసారి వచ్చి చూడండి."

ఆ బురదలోనే నిలబడి ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో మళ్లీ మందనే మాట నా నోట రాదు. జ్వరమొస్తే మెడికల్ షాపు ముందు తల పట్టుకుని నిలబడతాను, ఏం కావాలో వాళ్లే కనుక్కుంటారు.