నాకు వెయ్యకు, ముత్తవ్వా!

ముత్యంపేట పక్క ఊళ్లో ముత్తవ్వ ఓటంటే నాయకులకు హడల్. ఆమె ఓటేసిన మనిషి గెలిచిన పాపాన పోలేదు. ఊరు మెట్‌పల్లి నియోజకవర్గంలో ఉన్నన్నాళ్లూ అంతే. ఆఖరికి ఆ నియోజకవర్గమే రద్దయి ఊరు కోరుట్ల కింద చేరితే, "ముత్తవ్వ ఓటు దెబ్బకు నియోజకవర్గమే కొట్టుకపాయెరా" అని కల్లు మండువలో జనం పడీపడీ నవ్వారు. కోరుట్ల కిందా అదే కథ. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ తెరిపిస్తామని అందరూ ఒకే పాట పాడుతుంటే, వీళ్లలో నిజం చెప్పేవాడెవడా అని ముఖాలు చూసి మరీ వేసేది పాపం. నిజం చెప్పేవాడు గెలిచేదెక్కడ?

రానురాను అభ్యర్థులే ఇంటికొచ్చి, "అవ్వా, నీ కాళ్లు మొక్కుత, నాకు మాత్రం వెయ్యకు" అని బతిమాలడం ఆనవాయితీ అయింది.

మొన్నటి సర్పంచ్ ఎన్నికల్లో ఆమె కోడలు నవనీతే నిలబడింది. ఆడపిల్లలు లేని ముత్తవ్వకు కోడలంటే ప్రాణం. ప్రచారం ఆఖరి రోజు ప్రత్యర్థి శ్యాంసుందర్ చీర పట్టుకుని దిగాడు.

"పెద్దవ్వా, నవనీత బంగారమసొంటి పిల్ల. నీ ఓటు కోడలికే వెయ్యాలె."

ముత్తవ్వకు ఒళ్లు మండింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది! చీర వట్టుకొని లెవ్వు!"

నవనీత నవ్వేసింది. "గా పిచ్చిమాటలు ఇడిసిపెట్టు అత్తమ్మా. నీ ఓటు నాకే పడాలె."

"నీకు గాకపోతే ఎవలకేస్త బిడ్డా!" అంది గానీ, ముత్తవ్వకు తన ఓటు మీద భయం పోలేదు.

పోలింగ్ రోజు ముద్ర పట్టుకుని నిలబడింది. కోడలి గుర్తు ఉంగరం. చెయ్యి అటే పోయింది. ఇన్నేళ్లూ తన ఓటు పడి మునిగినవాళ్లంతా కళ్ల ముందు కదిలారు. "పోరా, నువ్వే మునుగు!" అని గొణిగి, శ్యాంసుందర్ గుర్తు కత్తెర మీద గట్టిగా గుద్దింది. కోడలు గెలిచినట్టేనన్న ధీమాతో ఇంటికొచ్చి పాయసానికి బెల్లం దంచింది.

సాయంత్రానికి లెక్క తేలింది. శ్యాంసుందర్ ఒక్క ఓటుతో గెలిచాడు. మళ్లీ లెక్కపెట్టినా అదే ఒక్కటి. వీధిలో డప్పులు మోగాయి.

పుట్టి బుద్ధెరిగాక ముత్తవ్వ ఓటేసిన మనిషి గెలవడం అదే మొదలు. గడపలో కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నవనీత పక్కన కూర్చుని ఆమె కళ్లు తుడిచింది. "ఎందుకేడుస్తవ్ అత్తమ్మా? ఓడితే ఓడితి. నాకు పడ్డ ఓట్లల్ల నీది సుత ఉన్నది. నాకు గది చాలు."

ముత్తవ్వ ఇంకా గట్టిగా ఏడ్చింది.