పూల్‌సింగ్ బోణీ కత్తి

మా కల్లూరు బత్తాయి తోటల్లో కొమ్మలు కత్తిరించాలంటే పూల్‌సింగే రావాలె. ముప్పై ఏండ్ల సంది ఒకటే కత్తి. ఏటా కత్తిరింపులు మొదలుపెట్టే పొద్దు, ముందు తన వాకిట్లున్న బత్తాయి చెట్టుకు ఒక కొమ్మ కోసి బోణీ చేసేటోడు. తర్వాత కత్తిని పొయ్యి మంటల తిప్పి, మా తోటలకు వచ్చేటోడు. "కత్తి కడగవేంది పూల్‌సింగ్?" అంటే, "నిప్పుల కాగినదానికి ఇంక మైలెక్కడిది?" అని కసిరేటోడు. మేమూ నమ్మినం.

మొన్న హార్టికల్చర్ ఆఫీసర్ సుజన మేడం మా తోట చూసింది. చెట్లు గిడసబారినయ్. అంటు కట్టిన కాడ కింద బెరడు పెచ్చులు పెచ్చులుగా లేస్తున్నది.

"ఈ తెగులు కత్తి మీదనే చెట్టు నుంచి చెట్టుకు పోతది. మంటకు సావదు, బ్లీచింగ్ నీళ్లల్ల కడగాలె. అంటిన ఏండ్లకు గానీ కనపడదు. మందు లేదు" అన్నది.

పక్కనున్న పూల్‌సింగ్ "ఎన్ని తోటలు కోసిన్నో దేవుడా" అనుకుంట ఇంటికి ఉరికిండు. ఆ కత్తి గుంజి బాయిల పారెయ్యాలన్నంత కోపంతో నేనూ వెంబడి పోయిన.

పోయేసరికి బోణీ చెట్టు మొదట్ల కూలబడి, బెరడు తడుముతున్నడు. వేలు తగిలితే చాలు, పెచ్చు ఊడొస్తున్నది.

"హేమ్లీ, గిది ఎప్పటి సంది?" అని భార్యను అడిగిండు.

"ఎప్పటిదో. పొద్దుగాల ఊడుస్తనే ఉంట" అన్నదామె, కొంగుల పెచ్చులు ఏరుకుంట. "నువ్వు కత్తి కాపే పొయ్యి ఏటా వీటితోనే గదా రాజేస్తున్న."