చెయ్యెత్తితే మళ్లిన విమానం

దయ్యం పట్టిందంటూ నా దగ్గరికి తెచ్చిన ఫోన్లు చాలానే ఉన్నాయి. దానంతటదే మోగుతోందంటారు, దానంతటదే ఫొటోలు తీస్తోందంటారు. విప్పి చూస్తే తడి చేరి ఉంటుంది, లేదా బ్యాటరీ ఉబ్బి ఉంటుంది. బోధన్‌లో ఫోన్లు బాగుచేసుకుని బతికేవాణ్ని, ఇలాంటివి నమ్మితే నాకు అన్నం పుట్టదు. అందుకే ఇది రాయడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

మా అక్క రాజవ్వకు లివర్ పాడైంది. ఇక మందులు పనిచేయవని ఆసుపత్రి నుంచి మా ఊళ్లో ఇంటికి పంపేశారు. తమ్ముడు సాయిలును ఒక్కసారి చూడాలన్నదే ఆమె కోరిక. అమ్మ పోయినప్పుడు వాడికి నాలుగేళ్లు; అక్కే పెంచింది. కోటగిరి దగ్గర మా ఊరి మలుపులో బస్సు స్టేజీ లేదు. అయినా రోజూ పొద్దున్నే అక్క నడిరోడ్డు మీద చెయ్యెత్తి నిలబడి, బస్సు ఆపి వాణ్ని బడికి ఎక్కించేది. డ్రైవర్లు తిట్టుకుంటూనే ఆపేవాళ్లు. చెయ్యెత్తితే ఏదైనా ఆగుతుందని ఆమె నమ్మకం.

సాయిలు మస్కట్‌లో డ్రైవర్. వాడికి సెలవు దొరికేసరికి అక్కకు మాట కూడా తగ్గిపోయింది. వాడు విమానం నంబరు వాట్సాప్‌లో పెట్టాడు. విమానాలు ఎక్కడున్నాయో చూపించే యాప్ తెరిచి, ఫోన్ ఆమె దిండు పక్కన పెట్టాను.

మధ్యాహ్నం. పక్క చేలో పసుపు ఉడకబెడుతున్నారు. ఆ ఆవిరి, ఆ వాసన కిటికీలోంచి వచ్చి గదంతా నిండాయి. మ్యాప్ మీద పసుపురంగు బుల్లి విమానం సముద్రం దాటి మెల్లగా పాకుతోంది. నిద్రో మెలకువో తెలియకుండా ఇద్దరం దాన్నే చూస్తున్నాం.

"ఏడికొచ్చిండు?"

"లాతూర్ దాటిండక్కా. ఇగ సీదా హైదరాబాదే."

"మనూరి మీదికెల్లి పోడా?"

"పోడే. జర దూరంకెల్లి పోతడు."

"ఆపు మరి" అని అక్క చెయ్యెత్తింది. వారం రోజులుగా నీళ్ల గ్లాసు పట్టలేని చెయ్యి.

నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. "గది బస్సు గాదక్కా" అన్నాను.

తెర మీద విమానం ఎడమకు మళ్లింది. కోటగిరి మీదికొచ్చి ఒక చుట్టు తిరిగి, మళ్లీ తన దారిన పోయింది. గుమ్మంలో నిలబడ్డ నా భార్య కూడా చూసింది. నెట్ సరిగా లేదేమో అనుకున్నాను. తల తిప్పేసరికి అక్క చెయ్యి దుప్పటి మీద వాలిపోయి ఉంది. ఊపిరి లేదు.

సాయిలు దిగగానే వాడే ఫోన్ చేశాడు. ఎలా చెప్పాలా అని నేను గొంతు సవరించుకునేలోపే వాడు అరిచాడు.

"అక్కను రోడ్డు మీదికి ఎవలు తీస్కపోయిండ్రన్నా? గంత పానం బాగలేని మనిషిని!"

విమానం ఒక పక్కకు ఒరిగిందట. కిటికీలోంచి చక్కెర ఫ్యాక్టరీ గొట్టం, ఆ తర్వాత మా మలుపు, నడిరోడ్డు మీద ఆకుపచ్చ చీరలో చెయ్యెత్తి నిలబడ్డ అక్క కనిపించిందట. ఆ పొద్దున నా భార్య ఆమెకు కట్టింది ఆకుపచ్చ చీరే. అంత ఎత్తు నుంచి మనిషి కనబడడని నాకూ తెలుసు.

దినాలయ్యాక యాప్‌లో ఆ విమానం వచ్చిన దారి తీసి చూశాను. లాతూర్ నుంచి హైదరాబాద్ దాకా తిన్నని గీత. చుట్టు లేదు, వంపు కూడా లేదు.

సాయిలుకు చూపించాను. ఆ గీత వెంట వేలితో చివరిదాకా పోయాడు.

"బస్సయితే దిగుతుంటి గదన్నా" అన్నాడు.

ఫోన్‌లో తప్పెక్కడుందో చెప్పడం నా పని. ఆ ఫోన్‌ను మాత్రం ఇప్పటిదాకా విప్పి చూడలేదు.