హార్డ్ డిస్కుకు పెట్టిన బొట్టు

కంప్యూటర్లు బిగించేవాళ్ళలో ఒక రకం ఉంటారు. చక్కగా పనిచేస్తున్న మిషన్ కంటపడితే వాళ్ళ చేతులు ఊరుకోవు. నేను ఆ రకం. ధర్మవరంలో నా అంగడి నుంచి వెళ్ళిన మిషన్లు చాలావరకు ఒక్కో ముక్కా ఒక్కో చోటి నుంచి తెచ్చి బిగించినవే. బోర్డు బెంగళూరు పాత సామాన్ల బజారుది, ప్రాసెసర్ మూతబడిన నెట్ సెంటర్‌ది, క్యాబినెట్ ఎవరో పారేసినది. అవన్నీ ఒద్దికగా కలిసి పనిచేస్తుంటే నేనేదో ఘనకార్యం చేసినట్టు వీధంతా చెప్పుకుని తిరిగేవాణ్ణి. ఆ గొప్పలు ఒక ఇంటిని ఏం చేశాయో మాత్రం రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు.

మా వీధి చివరింట్లో ఒక అక్క ఉంది. నాకు చుట్టం కాదు, కానీ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు మొదట అన్నం పెట్టింది ఆమే. పట్టుచీరలకు డిజైన్లు తయారుచేస్తుంది. ఆ విద్య వాళ్ళ నాయన నేర్పినది. ఆయన గ్రాఫ్ కాగితాల మీద గడి తర్వాత గడి నింపుకుంటూ బుటాలూ అంచులూ గీసేవాడట. ఆ గడుల ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టి మగ్గం మీదికి ఎక్కిస్తే చీరలోకి నెమళ్ళు దిగుతాయి. ఆయన పోయాక ఒక వానాకాలం ఆ కాగితాలకు చెదలు పట్టింది. అక్క భయపడిపోయి, చెదలు తిన్న చోట గుర్తు తెచ్చుకుంటూ, వాటినన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. నాలుగేళ్ళు పట్టింది. ఎక్కించిన కాగితాన్ని ఎక్కించినట్టే పారేసింది, ఉంచితే చెద మిగతావాటికి పాకుతుందని.

ఆ కంప్యూటర్ నేను బిగించిందే. అందులో ఒకే కంపెనీవి, ఒకే సైజువి రెండు హార్డ్ డిస్కులు పెట్టాను. పైదాంట్లో సిస్టం, కిందిదాంట్లో డిజైన్లు. "సిస్టం పాడైనా మీ నాయనవాటికి ఏమీ కాదక్కా" అని ధీమాగా చెప్పాను. ఇంకో కాపీ తీసి బయట పెట్టుకోమని మాత్రం చెప్పలేదు. నేను బిగించిన మిషన్ పాడవుతుందని నా నోటితో నేనే ఎలా చెబుతాను?

ఆయుధపూజ నాడు మా వీధిలో మగ్గాలకూ కత్తెర్లకూ మోటారుసైకిళ్ళకూ బొట్లు పెడతారు. నేనూ నా స్క్రూడ్రైవర్ల సంచి పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఆమె వాటికి బొట్టు పెట్టి, చేతిలో గుగ్గిళ్ళు పోసి పంపేది. ఒక ఏడు కంప్యూటర్ పక్క మూత తీయమంది. తీశాను. లోపలికి తొంగిచూసి, "దీంట్లో నాయన యాడుండాడప్పా?" అంది.

కింది డిస్కు చూపించాను. దానికి పసుపు రాసి, ఉంగరపు వేలితో కుంకుమ బొట్టు పెట్టింది. నాకు నవ్వొచ్చింది. కానీ ఆ రోజు నుంచి ఏ డిస్కు ఏదో గుర్తుపట్టడానికి నాకూ ఆ బొట్టే ఆధారమైంది.

తర్వాత ఎండాకాలంలో బెంగళూరు చీరల వ్యాపారి ఒకాయన అక్కకు కొత్త రకం ఫైళ్ళు పంపించాడు. అవి తెరుచుకోవాలంటే వేరే సిస్టం కావాలి. ఆ సిస్టం తయారుచేసే కంపెనీ దాన్ని తమ సొంత మిషన్లలో తప్ప బయటివాటిలో నడవనివ్వదు. అక్క ఆ మాట విని, "అట్లయితే మామూలు ఫైళ్ళు పంపమని అడుగుతా లేప్పా" అంది. అక్కడితో అయిపోవాల్సింది. ఆయన పంపేవాడే కూడా.

నేనే ఊరుకోలేదు. అలాంటి సిస్టంను బిగించిన మిషన్లలోకి ఎక్కించేవాళ్ళ వీడియోలు చూసి చూసి నా చేతులు దురద పెడుతున్నాయి. నా సొంత మిషన్ మీద చేసుకోవచ్చు కదా అంటే, అది మరీ పాతది. అక్కది ఆ వీడియోల్లోని బోర్డుకు దగ్గరగా ఉంది. "అక్కా, రెండు రోజులు నాకు విడిచిపెట్టు. ధర్మవరంలో ఎవరికీ లేని సిస్టం నీకు ఎక్కిస్తా" అన్నాను. ఆమెకు అవసరమై అడగలేదు. నాకు సరదా అయి చేశాను. ఈ ముక్క నేను ఎక్కడ చెప్పినా ముందు చెప్పాలి.

మొదటి రోజు మూత తీస్తే లోపలంతా దుమ్ము. మా ఊళ్ళో ఎండాకాలం గాలి సంగతి సరే, మగ్గాల ఇంట్లో దానికి తోడు పట్టు నూగు కూడా చేరుతుంది. మంచి పనివాణ్ణని చూపించుకోవాలి కదా, డిస్కులు రెండూ ఊడదీసి, తడిగుడ్డతో తళతళలాడేట్టు తుడిచి మళ్ళీ బిగించాను. గుడ్డ ఎర్రగా అయింది. అయినా నాకు ఏమీ తట్టలేదు. గుడ్డ జాడించి ఆరేశాను.

సిస్టం ఎక్కించే ముందు సామాను ఉన్న డిస్కు వైరు పీకి పక్కన పెట్టాలి. మా పనిలో ఇది అన్నం తినే ముందు చేయి కడుక్కున్నట్టు. నేనూ పీకాను. బొట్టున్నది కింద ఉండేది కాబట్టి కిందిదాని వైరే పీకాను. బిగించేటప్పుడు పైదాన్ని కిందికీ కిందిదాన్ని పైకీ మార్చేశానని మాత్రం నాకు తెలియదు.

ఆ తర్వాత మొదలైంది కుస్తీ. పెన్‌డ్రైవ్‌లోంచి సిస్టం లేవనే లేదు. బోర్డు సెట్టింగులు మార్చితే లేచి, తెర మీద తెల్ల గీత సగం దాకా వచ్చి ఆగిపోయింది. గ్రాఫిక్ కార్డు నచ్చలేదేమోనని దాన్ని పీకేస్తే గీత ముప్పాతికకు చేరింది. ఇంకోసారి అంతా ఎక్కింది గానీ కీబోర్డు, మౌసూ ఉన్నట్టే గుర్తించలేదు. కాన్ఫిగరేషన్ ఫైలులో ఒక్కో వరుసా మార్చడం, మళ్ళీ మొదటికి రావడం. ప్రతిసారీ డిస్కును పూర్తిగా తుడిచి మొదలుపెట్టేవాణ్ణి. మొదటిసారి తుడిచేటప్పుడు అందులో ఏదో చాలా నిండి ఉన్నట్టు చూపించింది. పాత సిస్టం చెత్తేలే అనుకుని సరే నొక్కాను.

రెండు రోజులన్నది ఆరు రోజులైంది. అక్క పని ఆగిపోయింది. అయినా రోజూ ఉగ్గాని చేసి ఒక ప్లేటు నా పక్కన పెట్టేది. తెరకేసి చూసి, "నాయనవి జాగ్రత్తగా ఉండాయి కదప్పా?" అనేది.

"వైరే పీకేసినా అక్కా. వాటి జోలికే పోలేదు."

ఆరో రోజు పొద్దున గీత చివరిదాకా వెళ్ళింది. తెర వెలిగింది. సౌండు రాలేదు, కానీ మిగతా అంతా నడిచింది. నేను కుర్చీలోంచి లేచి కేక పెట్టాను. బెంగళూరు ఫైలు తెరిస్తే కొంగు రంగులు నిగనిగలాడుతూ వచ్చాయి. అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి, కాసేపు చూసి, "బాగుండాదప్పా. నాయనవి గూడా దీంట్లో చూపీ" అంది.

రెండో డిస్కు వైరు తగిలించాను. తెరుచుకుంది. లోపల పాత సిస్టం నిక్షేపంగా ఉంది. డిజైన్లు లేవు.

ఆ క్షణంలో నాకు ముందు గుర్తొచ్చింది ఎర్రబడిన గుడ్డ. ఆరు రోజుల్లో ఎన్నిసార్లు తుడిచానో లెక్కపెట్టుకోబోయి ఆపేశాను. అక్క నా వెనకే నిలబడి ఉంది. తిరిగి చూస్తే చెప్పాల్సి వస్తుందని తిరగలేదు.

"అక్కా, ఆ డిస్కు పోయినట్టుండాది" అన్నాను.

"ఎట్ల పోతాదప్పా? వైరు గూడా పీకేస్తి అంటివే."

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట నేను ఆలోచించి అనలేదు. కానీ అన్నది నేనే.

"కుంకం లోపలికి దిగినట్టుండాదక్కా. మిషన్లకు పెట్టకూడదు."

ఆమె ఏడవలేదు. ఉంగరపు వేలు ఒకసారి చూసుకుంది. "నేనే పెడితి కదప్పా" అంది. పైగా "పాపం, నీ కష్టమంతా వృథా చేస్తి" అని నన్నే ఓదార్చింది. నేను ఆ ఓదార్పు కూడా తీసుకున్నాను. ఇంతకన్నా నీచమైన పని నా జీవితంలో ఇంకోటి లేదు.

డిస్కును అంగడికి తెచ్చి, పోయినవి వెతికి తీసే ప్రోగ్రాములన్నీ పెట్టి చూశాను. ఆరు రోజులు దాని మీదే రాసి రాసి చెరిపాను కదా, ఇంకేం మిగులుతుంది? ఒక మామిడి పిందె అంచు సగం దొరికింది. మిగతా సగంలో గడులన్నీ చెల్లాచెదురు. చెద తిన్న కాగితమే నయం.

నా అబద్ధం నాతో ఆగలేదు. అక్క కనబడినవాళ్ళకల్లా జాగ్రత్తలు చెప్పేది. "మిషన్లకు కుంకం పెట్టొద్దండమ్మా, నేను పెట్టి పోగొట్టుకుంటి." ఒకావిడ అంగడికి వచ్చి, టీవీకి పెట్టిన బొట్టు తుడిచేయాలా అని అడిగింది. తుడవక్కర్లేదు అన్నాను. మరి ఆ అక్కది ఎందుకు పోయిందంది. కస్టమర్ ఫోను వచ్చినట్టు నటించి లోపలికి వెళ్ళాను.

తర్వాతి ఆయుధపూజకు సంచి తీసుకుని వెళ్ళకపోతే అనుమానిస్తుందని వెళ్ళాను. అక్క మగ్గానికి పెట్టింది, కత్తెరకు పెట్టింది, మిక్సీకి కూడా పెట్టింది. కంప్యూటర్ ముందు మాత్రం దూరంగా నిలబడి దండం పెట్టుకుంది. "దీనికి నా చెయ్యి అచ్చిరాదప్పా" అంది. ఆ చేత్తోనే నా స్క్రూడ్రైవర్లకు ఒక్కోదానికీ ఓపికగా బొట్టు పెట్టి, గుగ్గిళ్ళు పోసింది. ఇంటికొచ్చి వాటిని తినలేక కుక్కకు పెట్టాను.

ఈ రెండేళ్ళలో ఆమె చేసిన పని చూస్తే ఎవరైనా నోరు తెరుస్తారు. వాళ్ళ నాయన డిజైన్లతో నేసిన పాత చీరలు ఎవరింట్లో ఉన్నాయో కనుక్కుని, వెళ్ళి అడిగి, తెచ్చుకుని, భూతద్దం పెట్టి పోగులు లెక్కపెడుతూ కంప్యూటర్లో మళ్ళీ గడులు నింపుతోంది. కొన్ని దొరికాయి. చాలా చీరలు ఎవరివో ఏమయ్యాయో తెలియదు. ఆమె కళ్ళ కింద నలుపు తేలింది. నేను వెళ్ళినప్పుడల్లా దొరికిన బుటా చూపించేది, నేను బాగుందక్కా అనేవాణ్ణి.

ఈసారి ఆయుధపూజకు కొత్త డిస్కు ఒకటి కొని పట్టుకెళ్ళి, ఆమె మళ్ళీ గీసినవన్నీ అందులోకి కాపీ చేశాను. "దీనికి బొట్టు పెట్టక్కా" అన్నాను. అలా అనాలని ఇంటి దగ్గర నుంచే అనుకుంటూ వచ్చాను. ఆమె చేయి టక్కున వెనక్కి తీసుకుంది.

"వద్దప్పా. మళ్ళా పోతే?"

కొంగులో చుట్టి దాచుకున్న ఆ చేయి చూశాక ఇంక నా వల్ల కాలేదు.

"కుంకంతో పోలేదక్కా. ఆ పొద్దు బొట్టు తుడిచేసింది నేనే. యాదేదో తెలీక మీ నాయనదాన్నే చెరిపేస్తి. ఆరు దినాలు చెరిపినా. నీకు అబద్ధం చెప్తి."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. తిడితే బాగుండేది.

"రెండేండ్లు ఈ యేలినే తిట్టుకుంటినప్పా" అంది చివరికి.

కుంకుమ భరిణె తీసుకుంది. కొత్త డిస్కుకు పసుపు రాసి బొట్టు పెట్టింది. కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి, రెండేళ్ళ బాకీ తీర్చినట్టు, క్యాబినెట్‌కూ తెరకూ కీబోర్డుకూ మౌసుకూ పెట్టింది. మగ్గానికీ కత్తెరకూ భూతద్దానికీ పెట్టింది. నా స్క్రూడ్రైవర్ల సంచి ఎప్పట్లాగే గడప పక్కన నోరు తెరిచి ఉంది. ఆమె దాన్ని దాటుకుని వెళ్ళి, భరిణె మూత పెట్టి, గూట్లో పెట్టేసింది.

నేను ఇంకాసేపు కూర్చున్నాను. తర్వాత సంచి మూసుకుని ఇంటికి వచ్చాను.